నల్ల అడవిలో నూరు మంది ఊరు: బ్యోలెన్‌కి సొంత పాలన ఎలా నిలిచింది?

అడవిబాట (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నా ఉద్యోగం స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో, ఇల్లు సరిహద్దుకి ఇవతల జర్మనీ వైపు ల్యోరాఖ్‌లో. పోయిన ఆదివారం మేం నలుగురం బెల్ఖెన్ కొండ ఎక్కాం. 1,414 మీటర్లు. నల్ల అడవి, అంటే ష్వార్జ్‌వాల్డ్‌లోని ఎత్తైన కొండల్లో అదొకటి. దిగేటప్పుడు దక్షిణం వైపు దారి పట్టి బ్యోలెన్ అనే ఊళ్లోకి వచ్చాం.

ఎగువ బ్యోలెన్, దిగువ బ్యోలెన్ అని రెండు చిన్న గుంపులు. వాలు కప్పుల పాత ఇళ్లు, పక్కనే వాగు, చుట్టూ నిటారుగా పచ్చిక, దాని పైన అడవి. ఊరు మొత్తం కలిపి నూరు మంది చుట్టూ ఉంటారట. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లకి కాస్త తక్కువ. ఇది ఏదో పట్టణానికి శివారు అనుకున్నాను. ఇంటికొచ్చి చదివితే సొంత కౌన్సిల్, సొంత మేయర్ ఉన్న స్వతంత్ర గెమైండె, అంటే మన పంచాయతీ లాంటిది, అని తెలిసింది. జనాభా లెక్కన బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో ఇదే అన్నిటికంటే చిన్నది.

మా తాతగారి ఊళ్లో ఒక్క వీధిలోనే ఇంతకంటే ఎక్కువ మంది ఉంటారు. ఇంత చిన్న ఊరు తన పాలన తాను ఎలా చేసుకుంటోంది? ఎందుకు ఎవరూ కలిపేయలేదు? తెలిసినవాళ్లు చెప్పండి, నిజంగా తెలుసుకోవాలని ఉంది.

కొండగాలి

తమ్ముడూ, నేను ఆ లోయలోనే పదమూడేళ్లుగా ఉంటున్నాను, బ్యోలెన్‌కి దగ్గరలోని ఇంకో చిన్న ఊళ్లో. నీకు ముందు లోయ సంగతి చెప్పాలి, అది లేకుండా బ్యోలెన్ అర్థం కాదు.

వీజె నది ఎగువన షోనావ్ అనే చిన్న పట్టణం ఉంది. దాని చుట్టూ ఎనిమిది ఊళ్లు: ఐటెర్న్, బ్యోలెన్, ఫ్ర్యోండ్, షోనెన్‌బెర్గ్, టూనావ్, ఊట్సెన్‌ఫెల్డ్, వెంబాఖ్, వీడెన్. షోనావ్‌తో కలిపి తొమ్మిది. ప్రతిదానికీ సొంత కౌన్సిల్ ఉంది. కానీ ప్రతి ఊళ్లోనూ పెద్ద ఆఫీసు లేదు. తొమ్మిదీ కలిసి ఒక పాలనా సంఘం పెట్టుకున్నాయి, ఆఫీసు షోనావ్‌లో. లెక్కలు, కాగితాలు, జీతం తీసుకునే గుమాస్తాలు అందరికీ ఉమ్మడి. నిర్ణయం మాత్రం ఎవరి ఊరిది వాళ్లదే.

కౌన్సిల్‌కి ఎనిమిది మంది. వెయ్యి జనాభా లోపు ఊళ్లకి రాష్ట్ర చట్టం పెట్టిన సంఖ్య అది. పదవీకాలం ఐదేళ్లు. మేయర్‌ని నేరుగా జనమే ఎనిమిదేళ్లకి ఎన్నుకుంటారు. ఇంత చిన్న ఊళ్లో అది జీతం ఉద్యోగం కాదు, గౌరవ పదవి. ఖర్చుల కింద కొంత భత్యం వస్తుంది. పగలు తన పని తాను చేసుకుని, సాయంత్రం ఊరి పని చూస్తాడు. కౌన్సిల్‌కి అధ్యక్షుడూ ఆయనే, ఓటూ ఉంటుంది.

చెరువుగట్టు

చరిత్ర నేను అందుకుంటాను. ముప్పై ఏళ్లు హైస్కూల్లో చరిత్ర చెప్పాను, మా అమ్మాయి ఫ్రైబుర్గ్‌లో ఉండటంతో ఆ ప్రాంతానికి మూడుసార్లు వెళ్లాను.

ఆ లోయ మధ్యయుగంలో సాంక్ట్ బ్లాజియెన్ అనే బెనెడిక్టైన్ మఠం చేతిలో ఉండేది. భూమి మఠానిది, రైతులు దానికి పన్నులూ వెట్టీ కట్టాలి. పైన రాజ్యాధికారం హాప్స్‌బుర్గ్ వంశానిది. అంటే వియన్నా ఎక్కడో, ఈ కొండలెక్కడో, అయినా వీళ్లు ఆస్ట్రియా ప్రజలు. ఆ భాగాన్ని ముందరి ఆస్ట్రియా అని పిలిచేవాళ్లు. 1525 రైతుల తిరుగుబాటులో సాంక్ట్ బ్లాజియెన్ మఠాన్ని దోచుకున్నారు. మఠం మీద ఆ కోపం తరతరాలు ఆరలేదు. పక్కనున్న హోట్సెన్‌వాల్డ్‌లో 18వ శతాబ్దంలో సాల్పేటరర్ అనే రైతులు తమ పాత హక్కుల కోసం మళ్లీ తిరగబడ్డారు.

అడవిబాట గారూ, మీరు బ్యోలెన్ నుంచి రోడ్డు పట్టుకుని పడమర కనుమ దాటితే నోయెన్‌వెగ్ వస్తుంది. నడిచి వెళ్లగలిగే దూరం. కానీ అది అప్పట్లో వేరే దేశం, బాడెన్‌ది! బాడెన్ ప్రభువు 1556లో ప్రొటెస్టెంట్ మతం తీసుకున్నాడు, ఆయన ప్రజలు కూడా మారారు. ఇటు బ్యోలెన్ ఆస్ట్రియా కింద కాథలిక్‌గా ఉండిపోయింది. మధ్యలో కొండ. 17వ శతాబ్దం చివర ఫ్రాన్స్‌తో యుద్ధాలప్పుడు కట్టిన నక్షత్రం ఆకారపు మట్టికోట ఆనవాళ్లు నోయెన్‌వెగ్ దగ్గర ఇప్పటికీ కనిపిస్తాయి. నేను దాని గట్టు మీద కూర్చుని చాలాసేపు రెండు వైపులా చూశాను. పెళ్లి సంబంధాలు, పండుగలు, బడి, స్మశానం అన్నీ వేరువేరుగా నడిచిన రెండు లోయలు అవి.

నెపోలియన్ రోజుల్లో అంతా మారిపోయింది. 1805లో ఆస్ట్రియా ఓడి ఆ భూములు వదులుకుంది, 1806 నాటికి బాడెన్ రాజ్యంలో కలిశాయి. మఠం రద్దయింది. సన్యాసులు ఆస్ట్రియాలోని కరింథియాకి, సాంక్ట్ పౌల్‌కి వెళ్లిపోయారు. 1831లో బాడెన్ ఒక గ్రామపాలన చట్టం చేసింది. ఊరి వ్యవహారాలు ఊరివాళ్లు ఎన్నుకున్నవాళ్ల చేతికి రావడంలో అది పెద్ద అడుగు.

నల్లరేగడి

చరిత్ర బాగుంది మాస్టారూ. కానీ నాకొక సందేహం. నూరు మందికి ఎనిమిది మంది సభ్యులు, ఒక మేయర్. తొమ్మిది ఊళ్లకి తొమ్మిది కౌన్సిళ్లు. ఇది వృథా కాదా? ఒకే పంచాయతీ చేసేస్తే సరిపోదా? జర్మనీ అంటే పొదుపు అంటారు కదా.

లెక్కలమాస్టారు

నల్లరేగడి గారూ, వాళ్లూ ఆ ప్రయత్నం చేశారు. 1968 నుంచి 1975 వరకు బాడెన్-వుర్టెంబెర్గ్‌లో గ్రామాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. 3,379 గెమైండెలు 1,111 అయ్యాయి. జిల్లాలు 63 నుంచి 35కి తగ్గాయి. ముందు స్వచ్ఛందంగా కలిసినవాటికి రాష్ట్రం అదనంగా డబ్బిచ్చింది. తర్వాత మిగిలిన చాలావాటిని చట్టంతో కలిపేసింది.

అయితే అదే చట్టం ఇంకో దారి కూడా ఉంచింది. కలవడం ఇష్టం లేకపోతే పాలన పని ఉమ్మడి చేసుకుని, ఊరుగా విడిగా ఉండొచ్చు. షోనావ్ లోయ ఆ రెండో దారి పట్టింది. కొండగాలి గారు చెప్పిన ఉమ్మడి ఆఫీసు అదే. స్థూలంగా భూమి ఎక్కడ దేనికి వాడాలి అనే ప్రణాళిక సంఘం చేస్తుంది, ఒక్కో వీధి లేఅవుట్ ఊరి కౌన్సిల్ చేస్తుంది.

నేను పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరయ్యాను. మా తెలంగాణ 2018లో సరిగ్గా ఎదురు దారిలో వెళ్లింది. ఐదొందల జనాభా దాటిన తండాలకీ గూడేలకీ సొంత పంచాయతీ ఇచ్చారు. ఒక్కసారిగా నాలుగు వేల పైన కొత్త పంచాయతీలు. తండావాళ్లు సర్పంచ్ కుర్చీలో కూర్చున్న రోజు వాళ్ల కళ్లలో నీళ్లు చూశాను. కానీ తర్వాత? కార్యదర్శి ఉండడు, ఆదాయం ఉండదు. పాలన దగ్గరికి రావడం ఎంత ముఖ్యమో, ఆ పాలన చేతిలో ఏదైనా ఉండటం అంత ముఖ్యం. బ్యోలెన్ సంగతిలో నాకు తెలుసుకోవాలని ఉన్నది అదే. వాళ్ల చేతిలో ఏముంది?

పాలపిట్ట

అడవి ఉంది సార్! పచ్చిక ఉంది. 🌲

నేను ఫ్రైబుర్గ్ యూనివర్సిటీలో అటవీశాస్త్రం చదువుతున్నాను. మీ ప్రశ్నకి జవాబు ఆ కొండ వాలులోనే ఉంది. బాడెన్-వుర్టెంబెర్గ్‌లో దాదాపు 40 శాతం అడవి ఊళ్లదీ పట్టణాలదీ. రాష్ట్ర ప్రభుత్వానిది 24 శాతం చుట్టూ, మిగిలింది ప్రైవేటు. జర్మనీ మొత్తం మీద చూస్తే ఊళ్ల వాటా ఇరవై శాతం దగ్గరే. అంటే ఇక్కడ ఊరే పెద్ద అటవీ యజమాని. కలప అమ్మితే డబ్బు ఊరి ఖాతాలో పడుతుంది. ఒకప్పుడు ఊరి పౌరుడైన ప్రతి కుటుంబానికీ ఉమ్మడి అడవి నుంచి వంటచెరకు వాటా వచ్చేది.

రెండోది పచ్చిక. మధ్య నల్ల అడవిలో పొలమంతా ఒక్క కొడుక్కే వెళ్లేది, అందుకే అక్కడ విడివిడిగా పెద్ద పెద్ద ఇళ్లు. ఇక్కడ దక్షిణాన భూమి పిల్లలందరికీ పంచేవాళ్లు. పంచి పంచి కమతాలు గుప్పెడంత అయ్యాయి. మరి పశువులు ఎక్కడ మేయాలి? ఊరి ఉమ్మడి కొండ మీద. అది ఎవరి సొంతమూ కాదు, ఊరిది. పైన ఊరి పశువులన్నీ కలిపి ఒక మంద, కాయడానికి పిల్లలు.

ఆ వాలుల మీద మేసేవి హింటర్‌వేల్డర్ ఆవులు. మధ్య యూరప్‌లో అన్నిటికంటే చిన్న జాతి. నాలుగొందల కిలోల చుట్టూ ఉంటుంది ఒక్కో ఆవు. తేలిక కాబట్టి నిటారు వాలులో నేల తెగదు. నేను మొదటిసారి చూసినప్పుడు మా పుంగనూరు ఆవు గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను.

ఊరి పేర్లలో కూడా అడవి నరికిన కథ ఉంది. లోయలో గెష్వెండ్, కొండకి అవతల ఎల్బెన్‌ష్వాండ్ అని ఊళ్లున్నాయి. చెట్టు మొదట్లో చుట్టూ బెరడు తీసేసి, అది నిలబడే ఎండిపోయేలా చేయడాన్ని ష్వెండెన్ అంటారు. అలా తెరిచిన చోట్లకి ఆ పేరు నిలిచిపోయింది. ఎగువన టోట్నావ్ వైపు వెండి గనులుండేవి, వాటికి కట్టె, బొగ్గు కావాలి. కొండలు బోడిగా అయిపోయాయి. నువ్వు చూసిన నల్లటి స్ప్రూస్ (సూదుల్లాంటి ఆకుల చెట్టు) అడవిలో చాలా భాగం తర్వాత నాటిందే అడవిబాటా.

అడవిబాట

ఇది నాకు అస్సలు తెలియదు. ఆదిమ అడవిలో నడిచానని సంబరపడ్డాను. పాలపిట్టా, ఆ పచ్చిక ఇప్పటికీ ఊరిదేనా?

పాలపిట్ట

చాలావరకు ఊళ్లవే. కానీ కష్టంగా ఉంది. 1950ల తర్వాత జనం ఫ్యాక్టరీ పనులకి వెళ్లడంతో మేత తగ్గింది. మేత ఆగితే పొదలు వస్తాయి, పొదల వెనక అడవి. కొన్నిచోట్ల కావాలనే స్ప్రూస్ నాటేశారు. ఇప్పుడు ఆ పచ్చికని కాపాడుకోవాలనే 2017లో యునెస్కో జీవావరణ ప్రాంతంగా గుర్తింపు వచ్చింది, బ్యోలెన్ అందులో ఉంది. మనిషి మేపితేనే బతికే ప్రకృతి అది. నాకు ఈ సబ్జెక్ట్‌లో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

అడవి ఆదాయం కూడా నమ్మకం లేదు. 1999 డిసెంబర్ 26న లోథార్ తుఫాను వచ్చింది. రాష్ట్రం మొత్తం మీద మూడు కోట్ల ఘనపు మీటర్ల దగ్గర కలప కూలిపోయింది. ఒకేసారి అంత కలప వస్తే ధర ఏమవుతుంది? 2018 నుంచి ఎండలు, బెరడు పురుగు. స్ప్రూస్ గోధుమ రంగుకి తిరగడం మేం ఫీల్డ్ వర్క్‌లో కళ్లారా చూశాం, చాలా బాధేసింది.

లెక్కలమాస్టారు

ధన్యవాదాలు తల్లీ. ఇప్పుడు బోధపడింది. నా వైపు లెక్క కూడా కలుపుతాను. జర్మనీలో ఆదాయపు పన్నులో 15 శాతం గెమైండెలకి వెళ్తుంది, ఆ ఊళ్లో నివసించేవాళ్లు కట్టినదాని ఆధారంగా. అది కాక భూమి పన్ను, వ్యాపార పన్ను ఊరివే. వాటి రేటు కౌన్సిలే పెడుతుంది. సొంత ఆదాయం చాలని ఊళ్లకి రాష్ట్రం సర్దుబాటు నిధి ఇస్తుంది. దీనంతటికీ వెనక రాజ్యాంగం 28వ అధికరణం ఉంది: స్థానిక వ్యవహారాలన్నీ తమ బాధ్యత మీద నడుపుకునే హక్కు గ్రామాలకి ఉంది. మన 73వ సవరణ 1992లో వచ్చింది, అది 1949 నుంచి ఉన్న మాట.

నల్లరేగడి

ఒప్పుకుంటాను, ఆస్తి ఉంటే పంచాయతీకి అర్థం ఉంది. కానీ చెరువుగట్టు గారు చెప్పిన ఆ నోయెన్‌వెగ్ ఏమైంది? దానికీ అడవి ఉండే ఉంటుంది కదా?

చెరువుగట్టు

భలే పట్టుకున్నారు. నోయెన్‌వెగ్ ఇప్పుడు స్వతంత్ర గెమైండె కాదు. 2009 జనవరి 1న ఎనిమిది ఊళ్లు కలిసి క్లైనెస్ వీజెంటాల్ అనే ఒకే గెమైండె అయ్యాయి: బుర్‌ఖావ్, ఎల్బెన్‌ష్వాండ్, నోయెన్‌వెగ్, రైఖ్, సాల్నెక్, టేగెర్నావ్, వీస్, వీస్‌లెట్. 1970ల్లో అవీ విడిగా ఉండటానికే మొగ్గాయి, ముప్పై ఏళ్లకి పైగా అలాగే నడిచాయి. ఆ తర్వాత ఎవరూ బలవంతపెట్టకుండానే కలిశాయి. కాబట్టి కొండకి ఇటు ఒక జవాబు, అటు ఇంకొకటి. పాత మత సరిహద్దే ఇప్పుడు ఈ రెండు జవాబులకీ మధ్య గీత అయింది. మతం వల్ల అని నేను అనడం లేదు. కానీ శతాబ్దాల పాటు ఎవరితో కలిసి బతికారో వాళ్లతోనే కలిశారు, లేదా వాళ్లతోనే ఆఫీసు పంచుకున్నారు.

కొండగాలి

అవును మాస్టారూ. అక్కడ పాత ఊళ్లకి చిన్న ఊరి మండలి, ఒక ఊరి పెద్ద ఉంటారు. సలహా చెప్తారు, ఊరి సంగతులు పైకి చేరుస్తారు. బడ్జెట్ మాత్రం పెద్ద కౌన్సిల్‌ది. నా సహోద్యోగి ఒకరు అటువైపు వారు. కలవడం తప్పని ఆయన అనరు, రోడ్డు పనులు తేలికయ్యాయంటారు. కానీ "పాత మేయర్ అయితే మా వంటింటి కిటికీ తట్టి చెప్పేవాళ్లం" అన్నారు ఒకసారి. ఆ మాట నాకు గుర్తుండిపోయింది.

నల్లరేగడి అన్నా, మా లోయవాళ్లు ఊరి ఓటుని ఎంత గట్టిగా పట్టుకుంటారో చెప్పడానికి షోనావ్ కరెంటు కథ చెప్పాలి. 1986లో చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం పేలింది. గాలి, వాన ఇక్కడిదాకా వచ్చాయి. పిల్లల పాలు, ఆకుకూరల గురించి భయపడిన తల్లిదండ్రులు ఒక సంఘం పెట్టారు. ఉర్సులా స్లాడెక్, ఆవిడ భర్త డాక్టర్ మిహాయెల్ స్లాడెక్ అందులో ముందున్నారు. మొదట కరెంటు ఆదా పోటీలు పెట్టారు. తర్వాత ఊరి తీగలే మనం కొనుక్కుందాం అన్నారు. కౌన్సిల్ పాత కరెంటు కంపెనీకే మళ్లీ ఒప్పందం ఇవ్వాలని తీర్మానించింది. దాని మీద ప్రజా ఓటింగ్ అడిగారు. 1991 అక్టోబర్‌లో 55.7 శాతంతో కౌన్సిల్ తీర్మానం కొట్టేశారు. తర్వాత కొత్త కౌన్సిల్ ప్రజల కంపెనీకి ఒప్పందం ఇస్తే, ఈసారి అవతలి పక్షం ఓటింగ్ అడిగింది. 1996 మార్చిలో మళ్లీ గెలిచారు, 52.4 శాతం. ఎంత దగ్గరగా ఉందో చూడండి. భార్య ఒక వైపు, భర్త ఒక వైపు ఓటేసిన ఇళ్లున్నాయని ఇక్కడి పెద్దవాళ్లు చెప్తారు.

తీగలకి కంపెనీ 87 లక్షల జర్మన్ మార్కులు (అప్పటి కరెన్సీ) అడిగింది. దేశమంతా విరాళాలు పోగుచేశారు. 1997 జూలై 1న ఊరి కరెంటు ఊరివాళ్ల చేతికి వచ్చింది. 2011లో ఉర్సులా గారికి గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం ఇచ్చారు. ఇక్కడ నా ఇంటి కరెంటు బిల్లు ఆ సంస్థదే.

లెక్కలమాస్టారు

ఇది జరగడానికి ఆ రాష్ట్ర చట్టమే కారణం. బాడెన్-వుర్టెంబెర్గ్ గ్రామ చట్టంలో 1956 నుంచే ప్రజా ఓటింగ్ ఉంది. 1990 దాకా వేరే ఏ జర్మన్ రాష్ట్రంలోనూ లేదు. ఇప్పుడు ఏడు శాతం ఓటర్లు సంతకం పెడితే చాలు. ఊళ్లో నూరు మంది ఓటర్లుంటే ఏడు సంతకాలు! గెలవాలంటే మెజారిటీతో పాటు మొత్తం ఓటర్లలో 20 శాతం మంది ఆ వైపు ఉండాలి.

చెరువుగట్టు

ఈ హక్కు ఎప్పుడూ ఉన్నది కాదని కూడా చెప్పుకోవాలి. 1935 జనవరిలో నాజీ ప్రభుత్వం కొత్త గ్రామ చట్టం తెచ్చింది. ఎన్నికలు పోయాయి. మేయర్లని పార్టీ చెప్పినట్టు పైనుంచి నియమించారు. కౌన్సిల్‌లో ఓటింగ్ తీసేశారు. బ్యోలెన్ లాంటి చిన్న ఊళ్లకీ అదే చట్టం. పైగా 1923లో ఫ్రెంచ్ సైన్యం కాల్చి చంపిన ష్లాగేటర్ అనే జర్మన్ జాతీయవాది ఈ షోనావ్‌లోనే పుట్టాడు. అతన్ని నాజీలు తమ వీరుడిగా దేశమంతా ఊరేగించారు, ఈ లోయకి అదొక బరువు. 1945 తర్వాత ఇది ఫ్రెంచ్ ఆక్రమణ ప్రాంతం. 1952 ఏప్రిల్ 25న మూడు రాష్ట్రాలు విలీనమై ఇప్పటి రాష్ట్రం ఏర్పడింది. విలీనానికి ముందు జరిగిన ఓటింగ్‌లో దక్షిణ బాడెన్‌లో ఎక్కువమంది వద్దనే అన్నారు. తమ పాలన దూరమైపోతుందనే దిగులు ఆ జనంలో ఎంత లోతుగా ఉందో దాన్నిబట్టి తెలుస్తుంది.

అడవిబాట

అందరికీ చేతులెత్తి దండం. ఒక్క ప్రశ్న. నూరు మంది ఊళ్లో పోటీ చేసేది ఎవరు? మన దగ్గరలాగా ఏకగ్రీవం చేస్తారా?

కొండగాలి

ఏకగ్రీవం కాదు తమ్ముడూ, ఇంకా చిత్రంగా ఉంటుంది. రెండు జాబితాలు అంతకంటే ఎక్కువ ఉంటే సభ్యుల సంఖ్య ఎంతో అన్ని ఓట్లు నీకుంటాయి. నచ్చిన ఒక్కరికి మూడు దాకా వేయొచ్చు, వేరే జాబితాలోని వాళ్లకీ పంచొచ్చు. ఒకటే జాబితా వచ్చినా, అసలు రాకపోయినా, కాగితం మీద నువ్వే పేర్లు రాయొచ్చు. ఊళ్లో అర్హత ఉన్న ఎవరి పేరైనా. నిలబడనివాళ్లు కూడా గెలుస్తారు. గెలిచాక సరైన కారణం లేకుండా కాదనడానికి చట్టం ఒప్పుకోదు. ఊరి పని పౌరుడి బాధ్యత అని రాసి ఉంది.

నాకు 2023లో ఇక్కడి పౌరసత్వం వచ్చింది. అప్పటిదాకా ఓటు లేదు. యూరోపియన్ యూనియన్ దేశాలవాళ్లకి స్థానిక ఎన్నికల్లో ఓటుంది కానీ మనకి లేదు. భారత పాస్‌పోర్ట్ వదులుకున్న రోజు రాత్రి నిద్రపట్టలేదు. 2024 జూన్ 9న మొదటిసారి ఊరి కౌన్సిల్‌కి ఓటేశాను. ఇక్కడ ఓటు కాగితాలు ముందే ఇంటికి పంపుతారు. మూడు రోజులు వంటగది బల్ల మీద పెట్టుకుని చూశాను. మంచు పడినప్పుడు మా ముందు దారి తవ్వే పెద్దాయన పేరు, స్వచ్ఛంద అగ్నిమాపక దళంలో పనిచేసే ఒకావిడ పేరు చేత్తో రాశాను. నా జీవితంలో ఓటు అంటే గుర్తు మీద ముద్ర. ఒక మనిషి పేరు అక్షరం అక్షరం రాయడం అదే మొదలు.

అడవిబాట

అన్నా, మీ కౌన్సిల్ మీటింగ్‌కి బయటివాళ్లు రావచ్చా? ఓటు లేకపోయినా?

కొండగాలి

సమావేశాలు బహిరంగమే, ఎవరైనా కూర్చోవచ్చు. వ్యక్తిగత విషయాలు వచ్చినప్పుడు మాత్రం బయటికి పంపేస్తారు. వచ్చే నెల సమావేశంలో ఊరి అడవి ప్రణాళిక ఉంది. ఏ వాలులో ఎన్ని చెట్లు కొట్టాలి, స్ప్రూస్ ఎండిన చోట ఏం నాటాలి అనేది ఫారెస్టర్ వచ్చి చెప్తారు, తర్వాత కౌన్సిల్ చెయ్యెత్తి ఓటేస్తుంది. పాలపిట్టా, నువ్వూ రామ్మా, నీ చదువుకి పనికొస్తుంది. ఇద్దరూ ముందు మా ఇంటికి వచ్చేయండి. మా ఆవిడ పప్పుచారు పెడుతుంది, తినేసి కలిసి నడిచి వెళ్దాం. వాళ్లు మాట్లాడేది అలెమానిక్ యాసలో, మొదటి పావుగంట ఒక్క ముక్క అర్థం కాదు. నేను పక్కన కూర్చుని చెప్తాను.

పాలపిట్ట

తప్పకుండా వస్తాను అన్నయ్యా. స్ప్రూస్ బదులు ఏం నాటుతున్నారో నేనే అడగాలి. ప్రశ్నలు అడగడానికి టైమ్ ఇస్తారా?

కొండగాలి

మా దగ్గర మొదట్లోనే ఊరివాళ్లకి ప్రశ్నల సమయం ఉంటుంది. నీ ప్రశ్న నాకు రాసి పంపు, నా పేరు మీద అడుగుతాను.